నలభై రెండు పేజీలు

గత నెల మూడో వారంలో, రాస్తున్న నవల నుంచి నలభై రెండు పేజీలు తీసి పక్కన పెట్టేశాను. వాటిలో కొన్ని వాక్యాలు నాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా అవి అబద్ధమని తేలిన తర్వాత నవలలో ఉంచుకోవడానికి మనసొప్పలేదు. కథంటేనే కల్పన కదా, అందులో అబద్ధమనేది వేరే ఎక్కడుంటుందని మా వారు భోజనాల దగ్గర అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. కథలు రాసేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందని ఫోనులో అడిగే పాఠకులు కొందరున్నారు. ఆ నలభై రెండు పేజీల సంగతి చెబితే ఇద్దరి ప్రశ్నకూ జవాబు దొరుకుతుందని ఇక్కడ రాస్తున్నాను.

బ్యాంకు ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ ఇచ్చిన నాటి నుంచి, అంటే ఎనిమిదేళ్ళుగా, రాయడమే నా పని. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి మేడ మీద ఒక చిన్న గది ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కాఫీ కలుపుకుని, ఆ గదిలో కూర్చుంటే ఏడున్నర దాకా కదలను. ఎండాకాలంలో పొద్దెక్కాక ఆ గదిలో ఉండడం ఎవరి తరమూ కాదు కనుక, ఏప్రిల్ నుంచి జూన్ వరకు రాత పని మొత్తం ఈ మూడు గంటల్లోనే ముగియాలి. పొడుగాటి రూళ్ళ పుస్తకంలో కుడివైపు పేజీలో మాత్రమే రాస్తాను. ఎడమ పేజీ దిద్దుబాట్లకు, అనుమానాలకు. మొదటి చిత్తు ఎప్పుడూ చేత్తోనే. సాపు ప్రతి కంప్యూటరులో.

కూర్చోగానే కొత్త వాక్యం రాయను. ముందురోజు రాసిన చివరి రెండు పేజీలను పైకి చదువుతాను. మనసులో చదువుకుంటే దాటిపోయే తప్పులు నాలుక దగ్గర పట్టుబడతాయి. ఊపిరి చాలని వాక్యాన్ని విరిచి రెండు చేస్తాను. మరీ పొడిపొడిగా ఉన్నవాటిని కలుపుతాను. సంభాషణల దగ్గర ఈ చదువు మరీ ముఖ్యం. నా నవలలో ప్రధాన పాత్ర నరసరావుపేట వైపు నుంచి విజయవాడకు పనికి వచ్చిన కుర్రవాడు. మొదట్లో అతని నోట ‘ఏంది’ అనే మాటే వస్తుంది. అచ్చు వేసే ప్రెస్సులో అందరి మధ్యా ఆరు నెలలు పనిచేసేసరికి అది ‘ఏంటి’గా మారుతుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ ‘ఏంది’ తోసుకు వస్తుంది. ఏ పేజీలో ఏ మాట అన్నాడో ఎడమ పేజీలో గుర్తు పెట్టుకుంటూ రాయడం ఒక పెద్ద పని. పాఠకులు దాన్ని గమనించకపోవచ్చు, కాని ఒక్కచోట తప్పితే ఆ మనిషి మీద నమ్మకం పోతుంది.

రోజుకు రెండు పేజీలు వస్తే మంచి రోజు. ఒక్క పేరాతో ముగిసిన రోజులు కూడా ఎన్నో ఉన్నాయి.

నవల 1977లో, గాంధీనగర్‌లోని ఒక చిన్న అచ్చుయంత్రాలయంలో జరుగుతుంది. ఆ కుర్రవాడు కంపోజిటరు, అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి పేజీ తయారుచేసేవాడు. ఆ ఏడాదిని ఎంచుకోవడానికి కారణం నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన. అక్కను ఆ సీమలోనే అవనిగడ్డ వైపు ఇచ్చిన ఆ కుర్రవాడికి ఆ వార్త చేరే తీరు చుట్టూ కథ తిరుగుతుంది. మొదటి చిత్తులో ఆ రోజును ఆదివారంగా రాసుకున్నాను. ప్రెస్సుకు సెలవు, అతను గదిలో ఒంటరిగా ఉంటాడు, బయట గాలి. దృశ్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. తర్వాత గ్రంథాలయంలో పాత పత్రికల బైండు తిరగేస్తుంటే నవంబరు 19 శనివారమని కనిపించింది. శనివారమంటే నా నవలలోని ప్రెస్సులో వారం కూలి బట్వాడా జరిగే రోజు. చేతికి డబ్బు వచ్చిన సాయంత్రం, ఊరికి మనియార్డరు పంపాలన్న ఆలోచన, పోస్టాఫీసు వేళ దాటిపోవడం, ఇవన్నీ ఆ ఒక్క సవరణతో వచ్చాయి. ఒంటరి గదికన్నా ఇది ఎంతో బలమైన దృశ్యమైంది. కాలెండరు నాకు ఇచ్చిన దృశ్యమది. నా అంతట నేను ఊహించగలిగేదాన్ని కాదు.

వారంలో ఒక రోజు ఇలా గ్రంథాలయానికే కేటాయిస్తాను. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మా ఊళ్ళోనే, రామమోహన గ్రంథాలయంలో జరిగిన సభలో. ఇంటింటికీ పుస్తకం చేరాలని అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివారు తిరిగిన వీధుల్లోనే నేనూ తిరుగుతున్నానన్న ఎరుక నాకు నిజంగా బలమిస్తుంది. గ్రంథాలయంలో నేను వెతికేవి పెద్ద వార్తలు కావు. ఆ వారం ఏ సినిమా ఆడుతోంది, బియ్యం ధర ఎంత వేశారు, పెళ్ళి ప్రకటనలో ఏ మాటలు వాడారు, ఇలాంటివి. లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే పాత పంచాంగాలు, రైల్వే టైంటేబుళ్ళు కూడా నాకు పనిముట్లే. మా సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు కట్ట ఉండేది; పట్టాలు తీసేసి ఇప్పుడు అక్కడ బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. నా నవలలోని కుర్రవాడికి మాత్రం రైలు కూతతోనే తెల్లవారాలి. రోడ్డు మీద నడుస్తూ పట్టాలను చూడడం అలవాటు చేసుకున్నాను.

ఇక ఆ నలభై రెండు పేజీల సంగతి.

కథకు గుండెకాయ అనదగ్గ దృశ్యం ఒకటి ముందే అనుకున్నాను. ఒక రచయిత్రి తన నవల రాతప్రతిని ఆ ప్రెస్సులో ఇస్తుంది. మన కుర్రవాడు దాన్ని కంపోజు చేస్తూ చేస్తూ, అక్షరం అక్షరం పేరుస్తూ, ఆ కథలో తన అక్కను చూస్తాడు. చెయ్యి ఆగిపోతుంది. కన్నీళ్ళు సీసపు అక్షరాల మీద పడతాయి. దాని ముందూ వెనకా కలిపి నలభై రెండు పేజీలు. రెండు నెలలు రాశాను.

రాసిన తర్వాత అనుమానం పట్టుకుంది. అచ్చు గురించి నాకు తెలిసింది పుస్తకాల ద్వారా తెలిసిందే. ఆ పని చేసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని ఏలూరు రోడ్డులో తెలిసిన పుస్తకాల షాపువారిని అడిగితే, సింగ్‌నగర్‌లో ఉంటున్న ఒక పెద్దాయన చిరునామా చెప్పారు. ఆయన పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. పద్నాలుగేళ్ళ వయసులో ప్రెస్సులో చేరి, కంప్యూటర్లు వచ్చి టైపును, అంటే ఆ సీసపు అక్షరాలను, సీసం ధరకు అమ్మేసిన రోజు దాకా కంపోజిటరుగా పనిచేశారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను ఆయనను బాబాయి గారూ అని పిలుస్తాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆయన ఇల్లు కూడా మునిగింది. తాను కంపోజు చేసిన పుస్తకాలు ఒక్కో ప్రతి చొప్పున దాచుకున్నారట; ఆ ట్రంకు పెట్టె నిండా బురద నీళ్ళు నిండి అన్నీ ముద్దయిపోయాయి. మిగిలింది అక్షరాలను వరుసగా పేర్చే కంపోజింగు స్టిక్కు ఒక్కటే. లోపల గదిలోంచి దాన్ని పాత తుండులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. జానెడు కన్నా కాస్త పొడుగున్న ఇనుప పళ్ళెం లాంటిది, మూడు వైపులా అంచు, ఒక వైపు తెరిపి. ఒక కొస దగ్గర వరుస వెడల్పును బిగించే చిన్న బిళ్ళ. బరువు నేను అనుకున్నదాని కన్నా ఎక్కువ. తుప్పు పట్టినా, బొటనవేలు ఆనే చోట మాత్రం నున్నగా, కాస్త గుంట పడి ఉంది. నా బొటనవేలును అక్కడ ఆనిస్తే ఆ గుంట నా వేలి కన్నా పెద్దదిగా అనిపించింది. ముప్పయ్యేళ్ళ పైగా ఒకే వేలు ఒకే చోట ఆనితే ఇనుము కూడా అలా లొంగుతుందని ఆ క్షణం దాకా నాకు తెలియదు.

నేను రాసిన దృశ్యాన్ని ఆయనకు చదివి వినిపించాను. పూర్తిగా, మధ్యలో ఆపకుండా విన్నారు. విని, కాసేపు ఊరుకుని, “బాగుందమ్మా. కాని కంపోజు చేసేవాడు కథ చదవడు” అన్నారు.

“చదవకుండా ఎలా పేరుస్తారు బాబాయి గారూ?”

“అక్షరం చూస్తామమ్మా, మాట చూడం. మాట చూస్తే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. పైగా కాపీ, అంటే రాతప్రతి, అంతా ఒక్కడికే ఇవ్వరు. ముగ్గురు నలుగురికి పంచుతారు. పన్నెండో పేజీ నాకు, పదమూడు పక్కవాడికి. వాడి పేజీలో ఎవరు పోయారో నాకెలా తెలుస్తుంది?”

నా దృశ్యం అక్కడే కూలిపోయింది. ఆయన చెప్పుకుంటూ పోయారు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి, అక్షరాలను వేసి ఉంచే చెక్క పెట్టెల్లో ఇంగ్లీషు కన్నా ఎన్నో ఎక్కువ గళ్ళు ఉండేవని, ఏ అక్షరం ఏ గడిలో ఉందో చూసుకుంటే పని సాగదని, కళ్ళు కాపీ మీద ఉంటే చెయ్యే వెళ్ళి తెచ్చుకునేదని చెప్పారు. అక్షరం ఒంటి మీద ఉండే గాడిని బొటనవేలు తడిమితే చాలు, తల ఎటు ఉందో తెలిసిపోయేదట. స్టిక్కులో వరుస తలకిందులుగా పేరుతుంది. ఆ తలకిందుల అక్షరాలనే మనం మామూలు పుస్తకం చదివినంత తేలికగా వాళ్ళు చదివేవారు. చెబుతున్నంతసేపూ ఆయన కుడిచెయ్యి గాలిలో గళ్ళ మీదికి వెళ్ళి వస్తూనే ఉంది. ‘అమ్మ’ అనే మాటను అలా గాలిలోనే పేర్చి చూపించారు. అకారం కోసం ఒక వైపు, మకారం కోసం మరో వైపు, మావత్తు కోసం ఇంకా పైకి వెళ్ళింది చెయ్యి.

వెళ్ళడానికి లేచినప్పుడు, నిరాశ నా ముఖంలో కనిపించిందో ఏమో, మరో మాట చెప్పారు. “అసలు చదవం అని కాదమ్మా. డిస్ట్రిబ్యూషన్‌లో చదివేవాళ్ళం.”

చిన్న ప్రెస్సుల్లో టైపు తక్కువ. ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, కంపోజు చేసి అచ్చు వేశాక, ఆ టైపును విడదీసి మళ్ళీ గళ్ళలో వేస్తే తప్ప రెండో ఫారం మొదలుపెట్టడానికి అక్షరాలు ఉండవు. విడదీసేటప్పుడు కొన్ని వరుసలను ఎడమచేతిలోకి తీసుకుని, ఒక మాటను చదివి, ఆ మాటలోని అక్షరాలను వేళ్ళ మధ్యకు తీసుకుని, ఒక్కొక్కటిగా వాటి గళ్ళలోకి వదులుతారు. మాటను చదివితేనే అక్షరాలు సరైన గడికి వెళతాయి. పేర్చేటప్పుడు అవసరం లేని అర్థం విడదీసేటప్పుడు తప్పనిసరి అవుతుంది. ఆయన ఎన్నో నవలలను అలా చదివారు, సాయంత్రాలు, ముక్కలు ముక్కలుగా, చదివిన మాట చదివినట్టే చేతిలోంచి పోతుండగా. ఏ నవలా ఎప్పుడూ ఆ ప్రెస్సులో మొత్తంగా ఉండేది కాదు. చివరి ఫారం కంపోజు అయ్యే నాటికి మొదటి ఫారంలోని అక్షరాలు ఆ చివరి పేజీల్లోనే వేరే మాటలుగా మారి ఉండేవి.

ఇంటికి తిరిగి వస్తూ ఆటోలోనే రూళ్ళ పుస్తకం తీసి రాసుకున్నాను. నా కుర్రవాడు అక్క కథను చదవాలి, కాని పేర్చేటప్పుడు కాదు. ఆ రచయిత్రి కథను తన చేతులతో విడదీస్తూ చదవాలి. చదివిన ప్రతి మాటనూ తానే చెరిపివేస్తూ పోవాలి. మర్నాడు ఆ అక్షరాలతోనే, ఉప్పెనలో పోయినవారి కోసం విరాళాలు కోరే కరపత్రం కంపోజు చేయాలి. నేను రెండు నెలలు ఊహించి రాసినదాని కన్నా ఆయన రెండు నిమిషాల్లో చెప్పిన పని వివరంలో దుఃఖం ఎక్కువగా ఉంది. మా వారి ప్రశ్నకు నా జవాబు ఇదే. కుర్రవాడు కల్పన, అక్క కల్పన, రచయిత్రి కల్పన. ఆ చేతులు మాత్రం కల్పన కాకూడదు. ఆ పని చేసి బతికిన వందల మంది చేతులు అవి.

రాత ఇలా సాగుతుండగా, మిగతా రోజంతా దాని చుట్టూ ఉండే పనులకు పోతుంది. ఆదివారం అనుబంధానికి కథ పంపితే, ఇది నా సొంత రచన అని, అనువాదమో అనుకరణో కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం రాసి జతచేయాలి. ఉగాది పోటీకి కథ కావాలంటే చలికాలంలోనే రాసి ఉంచుకోవాలి. 2020లో కరోనా వచ్చాక అచ్చు ఆగిపోయిన పత్రికలు పోగా, మిగిలినవాటిలో కథకు దొరికే చోటు బాగా తగ్గింది. ఐదు పేజీల కథను రెండు పేజీలకు కుదించమని అడిగినప్పుడు, కుదిరే కథలైతే కుదిస్తాను, కుదరనివాటిని వెనక్కు తీసుకుంటాను. పారితోషికాలతో ఇల్లు గడవదు. నా పింఛనుతో, మా వారి జీతంతో గడుస్తోంది. నా మొదటి నవల వేసిన ప్రచురణకర్త నాలుగేళ్ళుగా లెక్కలు చూపలేదు. అడగడం మానలేదు, ఇకముందు కూడా అడుగుతాను. రచయిత అడగకపోతే అది ఆనవాయితీగా స్థిరపడిపోతుంది.

మధ్యాహ్నాలు ప్రస్తుతం కథల సంపుటి ప్రూఫులతో గడుస్తున్నాయి. నేను యూనికోడ్‌లో పంపిన ఫైలును కంప్యూటరులో పేజీలు కట్టే డీటీపీ వారు తమ ఫాంటులోకి మార్చుకున్నప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. ‘వాళ్ళు’ అన్నచోట ‘వాళు’ అని, ‘అన్నం’ అన్నచోట ‘అనం’ అని రావడం చూస్తే, ఒత్తు కోసం పైకి లేచిన బాబాయి గారి చెయ్యి గుర్తుకొస్తోంది. పుస్తకం పన్నెండు ఫారాలకు, అంటే నూట తొంభై రెండు పేజీలకు సరిపోవాలి. పేజీలు కట్టాక నూట తొంభై నాలుగు వచ్చాయి. రెండు పేజీల కోసం పదమూడో ఫారం వేయించడం దండగ కనుక, పద్నాలుగు కథల్లో ఎక్కడెక్కడ ఒక్కో వరుస తగ్గించవచ్చో వెతికాను. పేరా చివర ఒంటరిగా మిగిలిన మాటలను పైవరుసలోకి లాగితే చాలావరకు సర్దుకుంది. ఒక కథలో మాత్రం వాన వర్ణన ఏడు వరుసలు కొట్టేయవలసి వచ్చింది. కొట్టేశాక కథ బిగువు పెరిగింది కనుక విచారం లేదు. జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవానికి ప్రతులు చేతికి రావాలి. 1989లో ఆ పండుగ మొదలైనప్పుడు నేను కాలేజీలో చదువుకుంటున్నాను; అప్పటి నుంచి వెళ్ళని ఏడాది దాదాపు లేదు. స్టాలు ముందు నిలబడి, ఒక పాఠకురాలు పుస్తకం తీసి మొదటి పేజీ చదివి, తిరిగి పెట్టేయాలా కొనాలా అని ఆగే ఆ అర నిమిషం చూడడం నాకు ఇప్పటికీ గుండె దడే.

కథ అచ్చయిన ఆదివారం పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. కథ కింద నంబరు వేస్తారు కనుక ఎక్కడెక్కడి నుంచో చేస్తారు. పోయిన సారి మాచర్ల నుంచి ఒకాయన చేసి, కథ బాగుందనో బాగాలేదనో చెప్పకుండా, “అమ్మా, మీరు రాసిన ఆ చిక్కుడు పాదు కార్తీకంలో పూయడం సరే, కాని ఆ నెలలోనే కాయ అంత ముదరదు” అన్నారు. సంపుటిలో దాన్ని దిద్దాను. అలాంటి ఫోను వచ్చిన రోజు నాకు బహుమతి వచ్చిన రోజు కన్నా ఎక్కువ.

మొన్న బుధవారం, తిరగరాసిన దృశ్యాన్ని తీసుకుని సింగ్‌నగర్ వెళ్ళాను. ఈసారి పందొమ్మిది పేజీలే. బాబాయి గారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు. కుర్రవాడు అక్క పేరును విడదీసే చోట ఆయన కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. చదవడం ముగించాక కళ్ళు తెరిచి, “ఒక్కచోట బాగాలేదమ్మా. అక్షరాలను గళ్ళలో సర్దాడు అని రాశారు. సర్దడమేంటి? జారుస్తాం. వేళ్ళ మధ్య నుంచి జారతాయి. సీసం చెక్క మీద పడితే చిన్న చప్పుడు వస్తుంది. రాత్రి పూట ప్రెస్సులో ఇక ఏ చప్పుడూ ఉండదు, అదొక్కటే” అన్నారు.

‘సర్దాడు’ అనే మాట ఆ పేజీల్లో ఆరు చోట్ల ఉంది. ఈ తెల్లవారుజామున నాలుగు చోట్ల ‘జార్చాడు’ అని దిద్దాను. మిగిలిన రెండు చోట్ల ఆ మాట పెడితే వాక్యం ఒక పక్కకు ఒరుగుతోంది, పైకి చదివితే నాలుక తడబడుతోంది. ఆ రెండు వాక్యాలను రేపు మొదటి నుంచి రాయాలి, చప్పుడుతో సహా.